నియమావళి తీర్చిన యంత్రం: నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ (ఆర్32) ఇంజినీరింగ్ – ఒక వివరణ

వ్యాససంగ్రహం:

1989లో జపాన్‌లో విడుదలైన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ (ఆర్32) టర్బో ఇంజన్ గల క్రీడాకార్లలో ప్రముఖమైనది. దీని ఇంజన్ ఘనపరిమాణం, టర్బోల అమరిక, నాలుగు చక్రాల చోదనం, ప్రకటిత శక్తి అనే నాలుగు అంశాలకూ వెనుక లిఖిత, అలిఖిత నియమాలు ఉన్నాయి. ఆ నియమాల వెలుగులో కారు నిర్మాణాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: టర్బోచార్జర్, గ్రూప్-ఎ, స్కైలైన్, ఘనపరిమాణం, అటెసా, మోటారు పందేలు, జపాన్.

1. ప్రవేశిక:

1989 ఆగస్టులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజన్ ఘనపరిమాణం 2568 ఘన సెంటీమీటర్లు. వాడుకమాటలో 2568 సీసీ. జపాన్ వాహన పన్నుల పట్టిక తెలిసినవారికి ఈ సంఖ్య వింతగా తోస్తుంది. అక్కడ కారుపై ఏటా కట్టే పన్నును ఇంజన్ ఘనపరిమాణాన్ని బట్టి అంచెలుగా నిర్ణయిస్తారు. 2000 నుంచి 2500 సీసీ వరకు ఒక అంచె, అక్కడి నుంచి 3000 వరకు మరొక అంచె. అందువల్ల తయారీదారులు సాధారణంగా గీతకు ఒకటి రెండు సీసీల దిగువన ఆగుతారు. 1998, 2498 వంటి సంఖ్యలు జపాన్ కార్లలో తరచుగా కనిపించడానికి కారణమిదే. స్కైలైన్ జీటీ-ఆర్ మాత్రం గీతను కేవలం 68 సీసీలు దాటింది. కొన్నవారు 3000 సీసీ కారు యజమానితో సమానంగా పన్ను కట్టవలసి వచ్చింది. ఆ 68 సీసీలు తగ్గించడం నిస్సాన్ ఇంజినీర్లకు చేతకాని పని కాదు. కాబట్టి వారు వేరే గీతను చూసుకొని ఉండాలి.

ఉత్పలమాల పాదంలో పదో అక్షరం దగ్గర కవి ఆ పదాన్నే ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాలంటే అది యతిస్థానమని తెలిసి ఉండాలి. ఛందస్సు తెలియని పాఠకునికి ఆ ఎంపిక కవి ఇష్టంగానో ప్రతిభగానో మాత్రమే కనిపిస్తుంది. ఆర్32 జీటీ-ఆర్ గురించి వెలువడిన రచనల్లో అధికభాగం ఈ రెండో పద్ధతిలో నడిచినవే. కారు వేగాన్ని, విజయాలను కీర్తించి, దాని వింతలను ఇంజినీర్ల ప్రతిభకు ఆపాదిస్తాయి. ప్రతిభ లేదనడం సాధ్యం కాదు. కాని ఆ ప్రతిభ ఏ హద్దుల మధ్య పనిచేసిందో చూడనిదే యంత్రం అర్థం కాదు.

2. స్కైలైన్ పూర్వచరిత్ర:

స్కైలైన్ మొదట నిస్సాన్ కారు కాదు. ప్రిన్స్ అనే సంస్థ దాన్ని తయారుచేసేది. 1966లో ఆ సంస్థ నిస్సాన్‌లో విలీనమైంది. 1964లో సుజుకాలో జరిగిన జపాన్ గ్రాండ్ ప్రీ పందెం కోసం ప్రిన్స్ ఇంజినీర్లు నాలుగు సిలిండర్ల స్కైలైన్ ముందుభాగాన్ని 200 మిల్లీమీటర్లు పొడిగించి, అందులో ఆరు సిలిండర్ల ఇంజన్‌ను అమర్చారు. పందెంలో పాల్గొనడానికి కావలసినన్ని కార్లు తయారుచేసి చూపించారు. పొడుగు ముక్కుతో కనిపించే ఆ కారు ఒక ల్యాప్ పాటు పోర్షే 904ను వెనక్కు నెట్టడం జపాన్ మోటారు చరిత్రలో నేటికీ చెప్పుకునే ఘట్టం. అంటే పందెపు నియమాన్ని తృప్తిపరచడానికి అమ్మకపు కారు ఆకారాన్నే మార్చడం స్కైలైన్‌కు ఆదినుంచీ ఉన్న అలవాటు.

జీటీ-ఆర్ అనే పేరు 1969లో వచ్చింది. ఆ తొలి కారు ఇంజన్ 1989 సీసీ. సిలిండర్‌కు నాలుగు వాల్వుల చొప్పున 24 వాల్వులు, 160 అశ్వశక్తి. అది జపాన్ పందేల్లో 50 దాకా విజయాలు సాధించింది. 1973లో వచ్చిన రెండో జీటీ-ఆర్‌కు ఆ అవకాశం దక్కలేదు. కఠినతరమవుతున్న ఉద్గార నియమాల ముందు పాత ఇంజన్ నిలబడలేకపోగా, 197 కార్లతోనే తయారీ ఆగిపోయింది. ఆ తరువాత పదహారేళ్లు జీటీ-ఆర్ పేరు ఏ కారుపైనా కనిపించలేదు.

1980ల నడుమ స్కైలైన్ బాధ్యత నగనోరి ఇతోకు వచ్చింది. ఆయన ప్రిన్స్ కాలం నుంచీ ఉన్న ఇంజినీరు. స్కైలైన్ పితామహుడిగా పేరొందిన షినిచిరో సకురాయి శిష్యుడు. సకురాయి అనారోగ్యం పాలైనందువల్ల, దాదాపు పూర్తయిన ఆర్31 నమూనాను ఇతో చేతికి అప్పగించారు. 1985లో అది విడుదలైనప్పుడు స్కైలైన్ అభిమానులు దాన్ని బరువైన, విలాసప్రధానమైన కారుగా విమర్శించారు. మరుసటి నమూనా ఆర్32ను మొదటినుంచీ తానే రూపొందించే అవకాశం ఇతోకు దక్కింది. ఆ సమయంలోనే నిస్సాన్ సంస్థ 1990 నాటికి వాహన సాంకేతికతలో ప్రపంచంలో ప్రథమస్థానం పొందాలని '901' పేరుతో అంతర్గత ఉద్యమం నడుపుతోంది. లక్ష్యం స్పష్టం: గ్రూప్-ఎ పందేల్లో గెలవాలి.

3. 1.7 అనే గుణకం:

గ్రూప్-ఎ అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య 1982లో అమలులోకి తెచ్చిన పందెపు విభాగం. పందెంలో పరుగెత్తే కారు ప్రజలు కొనగలిగే కారే అయి ఉండాలన్నది దాని మూలసూత్రం. పన్నెండు నెలల్లో 5000 కార్లు తయారుచేసినట్లు చూపిన నమూనాకే ప్రవేశం. తరువాత మెరుగుపరచిన రూపాంతరాన్ని ప్రవేశపెట్టాలంటే మరో 500 కార్లు తయారుచేయాలి. ఇంజన్ దిమ్మె, సిలిండర్ హెడ్, టర్బో వంటి ప్రధానాంగాలు సమాఖ్య ఆమోదం పొందిన అమ్మకపు కారులోనివే అయి ఉండాలి. పందెంలో గెలిపించే ఏ భాగమైనా ముందు వీధిలో తిరిగే కారులోకి రావాలి.

పోటీపడే కార్లను ఘనపరిమాణాన్ని బట్టి తరగతులుగా విభజించేవారు. తరగతి పెరిగినకొద్దీ కారుకు ఉండవలసిన కనీస బరువు పెరిగేది, వాడదగిన టైరు వెడల్పు కూడా పెరిగేది. టర్బో ఉన్న ఇంజన్ అదే ఘనపరిమాణంలో ఎక్కువ గాలిని మండించగలదు కాబట్టి, దాని ఘనపరిమాణాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి తరగతిని నిర్ణయించేవారు. మొదట 1.4గా ఉన్న ఆ గుణకం 1988 నుంచి 1.7 అయింది.

అప్పట్లో జపాన్ పందేల్లో అందరినీ ఓడిస్తున్న కారు ఫోర్డ్ సియెర్రా ఆర్ఎస్500. దాని 1993 సీసీని 1.7తో గుణిస్తే 3388. అంటే 3500 తరగతి. 1987లో 800 కార్ల పరిమిత సంఖ్యలో నిస్సాన్ తెచ్చిన స్కైలైన్ జీటీఎస్-ఆర్ కూడా 1998 సీసీతో అదే తరగతిలో నిలిచింది. కాని సియెర్రాను నిలకడగా ఓడించడానికి అది చాలలేదు. 4000 తరగతిలోకి వెళ్లాలంటే ఇంజన్ 2352 సీసీ వరకు ఉండవచ్చు. నిస్సాన్ తొలి ఆలోచన ఇదే: 2350 సీసీ టర్బో ఇంజన్, వెనుక చక్రాలకు మాత్రమే చోదనం.

ఈ లెక్క చక్రాల దగ్గర తప్పింది. పందెపు కారులో ఆశించిన శక్తిని రెండు వెనుక టైర్లు నేలకు అందించలేవని ఇంజినీర్లు గ్రహించారు. నాలుగు చక్రాలకూ చోదనం కావాలి. దానికయ్యే అదనపు బరువు దాదాపు 100 కిలోలు. అంత బరువుతో 4000 తరగతి కనీస బరువుకు దిగడం కష్టం. దిగలేకపోతే తేలికైన ప్రత్యర్థుల ముందు నష్టపోవాలి. ఒక మెట్టు పైకెక్కి 4500 తరగతిని ఎంచుకుంటే కనీస బరువు ఎలాగూ 1260 కిలోలు. అదనపు బరువును నియమమే ఆమోదిస్తుంది, వెడల్పు టైర్లు కూడా దక్కుతాయి. 4500ను 1.7తో భాగిస్తే 2647 వస్తుంది. సిలిండర్ వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 73.7 మిల్లీమీటర్లు, సిలిండర్లు ఆరు. వచ్చిన ఘనపరిమాణం 2568, దాన్ని 1.7తో హెచ్చిస్తే సుమారు 4366. పన్నుల పట్టిక వైపు చూస్తే అసంగతంగా కనిపించిన సంఖ్య పందెపు నియమావళి వైపు చూస్తే ఇలా సమన్వయమవుతుంది.

4. రెండు టర్బోలు, ఆరు థ్రాటిళ్లు:

ఈ ఇంజన్‌కు నిస్సాన్ పెట్టిన సంకేతనామం ఆర్‌బీ26డీఈటీటీ. చివరి రెండు 'టీ'లు జంట టర్బోలను సూచిస్తాయి. టర్బో పనితీరు తెలియనిదే ఈ అమరికలోని విశేషం బోధపడదు కాబట్టి దాన్ని కొంత వివరించడం అవసరం.

పెట్రోలు ఇంజన్ శక్తికి హద్దు పెట్రోలు కాదు, గాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలును కావలసినంత చిమ్మవచ్చు. గాలిని మాత్రం పిస్టన్ కిందికి జరిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి వాతావరణ పీడనం ఎంత నెడితే అంతే వస్తుంది. మండిన తరువాత వేడి వాయువు, వాడుకలో సైలెన్సర్ అని పిలిచే గొట్టం గుండా బయటికి పోతుంది. ఇంధనంలోని శక్తిలో పెద్ద వాటా ఆ పొగతోనే వృథా అవుతుంది. టర్బో ఆ వృథాలో కొంత తిరిగి రాబడుతుంది. పొగ దారిలో ఒక రెక్కల చక్రం, అదే ఇరుసుకు రెండో కొనన గాలి దారిలో మరో రెక్కల చక్రం. పొగ మొదటిదాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పితే, రెండోది గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది వేడి. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కినట్లే, టర్బో ఒత్తిన గాలీ వేడెక్కుతుంది. వేడిగాలి పలుచన, పైగా సిలిండర్‌లోని మిశ్రమం నిప్పురవ్వ పడకముందే అంటుకొని ఇంజన్‌ను దెబ్బతీయవచ్చు. అందుకే ఆర్32 ముందు బంపర్ వెనుక పెద్ద ఇంటర్‌కూలర్ అమర్చి, ఎదురుగాలితో ఆ వేడిని తీసివేశారు. పిస్టన్‌ల అడుగున నూనెధార చిమ్మే ఏర్పాటు చేశారు. పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందో తెలిపే సంపీడన నిష్పత్తిని 8.5 దగ్గర ఆపారు. టర్బో లేని ఇంజన్లలో ఇది సాధారణంగా అంతకన్నా ఎక్కువ.

రెండోది జాప్యం. డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కిన క్షణానికీ, చక్రాలు వేగం పుంజుకొని గాలి ఒత్తిడి పెరిగిన క్షణానికీ మధ్య వ్యవధి ఉంటుంది. మలుపు మధ్యలో ఈ వ్యవధి ప్రమాదకరం. శక్తి కోరినప్పుడు రాక, కోరనప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ఆర్‌బీ26లో ఒక పెద్ద టర్బోకు బదులు రెండు చిన్నవి పెట్టడానికి కారణమిదే. మొదటి మూడు సిలిండర్ల పొగ ఒకదానికి, తక్కిన మూడింటి పొగ రెండోదానికి చేరుతుంది. చక్రం ఆకారం, దాని అంచు వేగం మారవనుకొని లెక్కవేస్తే, సగం పొగకు సరిపోయే చక్రం వ్యాసం పెద్దదానిలో 70 శాతం ఉంటే చాలు. అటువంటి రెంటినీ కలిపి పనిచేసే వేగానికి తేవడానికి కావలసిన శక్తి, ఒకే పెద్ద చక్రానికి కావలసినదానిలో దాదాపు 70 శాతమే అవుతుంది.

సిలిండర్లను ఇలా ముందు మూడు, వెనుక మూడుగా విడదీయడంలో మరో ప్రయోజనం ఉంది. ఈ ఇంజన్‌లో సిలిండర్లు 1, 5, 3, 6, 2, 4 అనే క్రమంలో పేలుతాయి. ఈ వరుసలో ముందు గుంపు సిలిండర్, వెనుక గుంపు సిలిండర్ ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. క్రాంక్‌షాఫ్ట్ ప్రతి 120 డిగ్రీలకు ఒక పేలుడు. కాని ఒక్కొక్క టర్బోకు చేరే పొగ తాకిడి 240 డిగ్రీలకు ఒకసారి. ఒక సిలిండర్ పొగ ఇంకా వెలువడుతుండగానే పక్క సిలిండర్ పొగ వచ్చి దాన్ని వెనక్కు నెట్టే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. ప్రతి తాకిడీ చక్రాన్ని సమగ్రంగా తిప్పుతుంది.

గాలి లోపలికి వచ్చే వైపు మరింత విశేషమైన ఏర్పాటు ఉంది. సాధారణంగా ఇంజన్ మొత్తానికి ఒకే థ్రాటిల్ ఉంటుంది. ఆర్‌బీ26లో సిలిండర్‌కొకటి చొప్పున ఆరు. థ్రాటిల్ సిలిండర్‌కు ఎంత దగ్గరగా ఉంటే, తెరవగానే గాలి అంత త్వరగా లోపలికి చేరుతుంది. నడుమ నింపవలసిన గొట్టపు ఖాళీ తక్కువ. ఖర్చుతో, ఆరింటినీ ఒకే తీరుగా సరిచేసే శ్రమతో కూడిన ఈ అమరికను అమ్మకపు కారులో పెట్టడం మామూలుగా ఎవరూ చేయరు. పందెపు కారుకు కావలసినది ముందు అమ్మకపు కారులో ఉండాలన్న నియమం వల్లనే అది ఇక్కడ చేరింది.

ఇంజన్ దిమ్మె విషయమూ అంతే. పోత ఇనుముతో చేసిన ఆ దిమ్మె వీధిలో 280 అశ్వశక్తిని మాత్రమే మోయాలి. పందెంలో 550కి పైగా మోయాలి. దిమ్మె మార్చే వీలు లేదు కాబట్టి వీధి కారుకు పందెపు దిమ్మె దక్కింది. తరువాతి దశాబ్దాల్లో షెడ్లలో ఈ ఇంజన్ శక్తిని రెట్టింపు చేసినవారు కొనియాడిన దృఢత్వం అలా ఏర్పడినది. అయితే అది దోషరహితం కాదు. తొలి ఇంజన్లలో ఆయిల్ పంపును తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అంచు వెడల్పు చాలక, అధిక వేగాల్లో పంపు విరిగి ఇంజన్లు పాడైన సందర్భాలున్నాయి. తరువాత నిస్సాన్ ఆ అంచును వెడల్పు చేసింది.

5. పింగాణీ జాతి చక్రం, 500 కార్లు:

జాప్యం తగ్గించడానికి చక్రం చిన్నది కావడమే కాక తేలిక కావాలి. పొగ చక్రాన్ని సాధారణంగా నికెల్ మిశ్రలోహంతో చేస్తారు. నిస్సాన్ 1985లోనే ఫెయిర్‌లేడీ జెడ్ కారులో సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్‌తో చేసిన చక్రాన్ని ప్రవేశపెట్టింది. సిరామిక్ అంటే వంటింటి పింగాణీ జాతి పదార్థమే. అయితే దీని కూర్పు, వేడిని తట్టుకొనే శక్తి వేరు. నికెల్ మిశ్రలోహం సాంద్రత ఘన సెంటీమీటరుకు 8 గ్రాముల ప్రాంతం కాగా దీనిది 3.2 గ్రాములు మాత్రమే. ఆర్32 జీటీ-ఆర్ టర్బోలకు ఇటువంటి చక్రాలే అమర్చారు.

జాతి లక్షణం మాత్రం పోలేదు. పింగాణీ వంగదు, పగులుతుంది. నిర్ణీత ఒత్తిడిలో చక్కగా పనిచేసే ఈ చక్రాలు, ఒత్తిడినీ వేడినీ పందెపు స్థాయికి పెంచితే ముక్కలయ్యే ప్రమాదముంది. పందెపు కారులో లోహచక్రాలు కావాలి. కాని టర్బో ఆమోదిత కారులోనిదే అయి ఉండాలన్న నియమం అడ్డు. దీనికి నిస్సాన్ కనుగొన్న మార్గం 1990 ఫిబ్రవరిలో వెలువడిన నిస్మో రూపాంతరం. ప్రజలకు 500 కార్లు, పందెపు జట్లకు 60 కార్లు. టర్బోల్లో సిరామిక్‌కు బదులు లోహచక్రాలు, బంపర్‌లో ఇంటర్‌కూలర్‌కు గాలి చేర్చే అదనపు రంధ్రాలు, బానెట్ అంచున సన్నని పెదవి, వెనుక అదనపు రెక్క. ఏబీఎస్ బ్రేకులు, వెనుక అద్దం వైపర్ తీసివేసి 30 కిలోలు తగ్గించారు.

వీధి కారుగా చూస్తే ఈ రూపాంతరం మామూలు జీటీ-ఆర్ కన్నా మెరుగైనది కాదు. లోహచక్రాల వల్ల జాప్యం పెరిగింది, ఏబీఎస్ వల్ల వచ్చే భద్రత పోయింది. కొనుగోలుదారుని సౌకర్యం దృష్ట్యా ఈ మార్పుల్లో చాలావాటికి సమర్థన దొరకదు. సమాఖ్య లెక్కలో చేరడానికి పుట్టిన 500 కార్లవి. నేడు సేకరణదారులు మామూలు కారు కన్నా వీటికే ఎక్కువ వెల కట్టడం విచిత్రమే.

6. అవసరమైనప్పుడే నాలుగు చక్రాలు:

నాలుగు చక్రాల చోదనం పట్టు పెంచుతుంది, మలుపును చెడగొడుతుంది. ఒక టైరుకు నేలపై ఉండే మొత్తం పట్టు పరిమితం. ముందు టైర్లు కారును తిప్పడానికీ, లాగడానికీ రెంటికీ ఆ పట్టునే పంచుకోవాలి. లాగడానికి ఎక్కువ ఖర్చైతే తిప్పడానికి తక్కువ మిగులుతుంది. స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోవాలని చూస్తుంది. స్కైలైన్‌కు వెనుక చక్రాల కారుగా ఉన్న పేరును ఇతో బృందం వదులుకోదలచలేదు.

వారు ఎంచుకొన్న ఏర్పాటు పేరు అటెసా ఈ-టీఎస్. మామూలు స్థితిలో ఇంజన్ శక్తి అంతా వెనుక చక్రాలకే పోతుంది. గేర్‌బాక్సు వెనుక, నూనెలో మునిగిన పలు పలకల క్లచ్ ఒకటి ఉంటుంది. దానిపై హైడ్రాలిక్ ఒత్తిడి పడితే పలకలు బిగుసుకొని, గొలుసు ద్వారా ముందు చక్రాల ఇరుసుకు శక్తి పంచుతాయి. ఒత్తిడి ఎంత ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. చక్రాల వేగాలు, థ్రాటిల్ స్థితి, కారు ముందువెనుకలకూ పక్కలకూ పొందే త్వరణం అనే సమాచారాన్ని సెకనుకు వంద సార్లు చూసుకొంటుంది. వెనుక చక్రం జారబోతున్నట్లు తోచిన మేరకు ముందుకు శక్తి పంపుతుంది, గరిష్ఠంగా సగం. మలుపులో పక్కత్వరణం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ పంపకాన్ని తగ్గించి, కారు తిరిగే గుణాన్ని కాపాడుతుంది. డ్యాష్‌బోర్డుపై ఒక ముల్లు, ఆ క్షణాన ముందు చక్రాలకు ఎంత బలం పోతున్నదో చూపిస్తుంది. నున్నని రోడ్డుపై నిదానంగా నడిపినప్పుడు అది సున్న దగ్గరే పడి ఉంటుంది.

ఇటువంటి ఆలోచన పోర్షే 959లో అంతకుముందే ఉంది. కాని అది అతికొద్ది సంఖ్యలో, అత్యధిక ధరకు అమ్మిన కారు. నిస్సాన్‌కు ఏటా వేలల్లో అమ్మగల రూపం కావాలి. నియమం 5000 కోరుతోంది కదా. ముందు డిఫరెన్షియల్‌ను ఇంజన్ నూనెతొట్టికి అతికించి, ఒక వైపు ఇరుసును ఆ తొట్టిలోంచే దాటించడం వంటి పొందికలు, వెనుక చక్రాల చోదనం కోసం రూపొందిన శరీరంలోనే ఈ ఏర్పాటును ఇమడ్చడానికి చేసినవి. వెనుక చక్రాలు కూడా అతిస్వల్పకోణంలో తిరిగే సూపర్ హైకాస్ అనే మరో ఏర్పాటు ఈ కారులో ఉంది. బానెట్‌నూ, ముందు ఫెండర్లనూ అల్యూమినియంతో చేసినా వీధి కారు బరువు 1430 కిలోలకు చేరింది.

7. 280 – ఒక అలిఖిత నియమం:

ఇంతవరకు చెప్పిన నియమాలు అచ్చులో ఉన్నవి. ఒకటి మాత్రం చట్టంగా ఎక్కడా లేదు. 1988లో జపాన్ రోడ్డు ప్రమాదాల్లో మృతుల సంఖ్య మళ్లీ 10 వేలు దాటింది. కార్ల శక్తి ఏటేటా పెరిగిపోవడంపై ప్రభుత్వం ఆందోళన వ్యక్తం చేసింది. ఆ దేశపు కార్ల తయారీదారులు తమలో తాము ఒక అంగీకారానికి వచ్చారు: స్వదేశంలో అమ్మే ఏ కారుకూ 280 అశ్వశక్తికి మించి ప్రకటించరాదు. 1989 నాటి నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ ఆ హద్దును తాకిన తొలి కారు. నెల తిరిగేసరికి వచ్చిన జీటీ-ఆర్ కూడా 280 దగ్గరే ఆగింది. నిమిషానికి 6800 చుట్ల వద్ద ఆ శక్తి, 4400 చుట్ల వద్ద 36 కిలోగ్రాము-మీటర్ల టార్క్.

ఇక్కడ పాఠకుడు గమనించవలసినది క్రియాపదం. అంగీకారం 'ప్రకటించరాదు' అన్నది, రాబట్టరాదు అనలేదు. 550 అశ్వశక్తికి తట్టుకొనేలా చేసిన ఇంజన్‌ను 280 దగ్గర నిలపడానికి, టర్బో ఒత్తిడిని నియంత్రించే గొట్టంలో సన్నని రంధ్రంగల చిన్న అడ్డు పెడితే సరిపోయింది. దాన్ని తీసివేయడం మెకానిక్‌కు నిమిషాల పని. తరువాతి పదిహేనేళ్లలో వేర్వేరు సంస్థలు, వేర్వేరు ఇంజన్లు, అన్నిటికీ ఒకే 280. కొలతపరికరం ఇచ్చిన సంఖ్య ఇన్నిచోట్ల ఇలా ఏకీభవించదు. అది పత్రంపై రాసిన సంఖ్య. రోడ్డు మరణాల గురించిన న్యాయమైన ఆందోళన చివరకు ప్రకటనల్లోని ఒక అంకెగా మిగిలింది. 2004లో ఈ అంగీకారాన్ని ఎత్తివేశారు.

8. పందెం, పర్యవసానం:

1990 మార్చిలో జపాన్ టూరింగ్ కార్ పోటీల తొలి పందెంలో కజుయోషి హోషినో, తోషియో సుజుకీలు నడిపిన నీలిరంగు కాల్సోనిక్ స్కైలైన్ గెలిచింది. అది మొదలు 1993 చివరివరకు ఆ పోటీల్లో జరిగిన 29 పందేల్లోనూ గెలిచినది జీటీ-ఆరే. 1991లో బెల్జియంలోని స్పా 24 గంటల పందెం కూడా దానికే దక్కింది.

ఫలితం క్రీడకు మేలు చేయలేదు. జపాన్‌లో సియెర్రాలు త్వరలోనే పక్కకు తొలగాయి. ప్రధాన తరగతిలో జీటీ-ఆర్‌లు జీటీ-ఆర్‌లతోనే పోటీపడ్డాయి. ఆస్ట్రేలియాలో వ్యవహారం మరింత తీవ్రమైంది. 1989లోనే అక్కడి 'వీల్స్' పత్రిక ఈ కారుకు 'గాడ్జిల్లా' అని పేరు పెట్టింది. జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్‌లు దాన్ని నడిపి 1991లో బాథర్స్ట్ పందెం గెలిచారు. మరుసటి ఏడు నిర్వాహకులు కారుకు అదనపు బరువు విధించి, టర్బో ఒత్తిడికి హద్దు పెట్టారు.

1992 అక్టోబరు నాటి బాథర్స్ట్ పందెం చివరిఘట్టంలో కుండపోత వాన కురిసింది. ముందంజలో ఉన్న జీటీ-ఆర్ జారి దెబ్బతిన్నది. మరికొన్ని కార్లదీ అదే గతి. నిర్వాహకులు పందెం ఆపివేశారు. ఆపివేసిన సందర్భంలో అంతకుముందు పూర్తయిన ల్యాప్ నాటి స్థానాలే లెక్కకు వస్తాయన్నది నియమం. ఆ ప్రకారం, చక్రాలు విరిగి పక్కన నిలిచిన జీటీ-ఆరే విజేత. ప్రేక్షకులు వేదిక ముందు చేరి ఎగతాళి కేకలు వేశారు. అదేరోజు పందెం మధ్యలో గుండెపోటుతో మరణించిన మాజీ ప్రపంచ విజేత డెనీ హల్మ్, రిచర్డ్స్‌కు స్వదేశీయుడు, మిత్రుడు. ఆ దుఃఖంలో ఉన్న రిచర్డ్స్ వేదికపైనుంచే జనాన్ని దూషించాడు. ఆ ఘటనను ఆస్ట్రేలియన్లు ఇప్పటికీ జనం మొరటుతనంగానో, విజేత అసహనంగానో చెప్పుకొంటారు. రెండూ అసంపూర్ణమే. జనం ఆగ్రహం నియమం ఇచ్చిన విజయంపైన. కారు మొత్తంగా నియమం ఇచ్చినదే.

1993 నుంచి ఆస్ట్రేలియా పోటీల్లో అయిదు లీటర్ల వీ8 కార్లకు పట్టం కట్టారు; జీటీ-ఆర్‌కు చోటు లేదు. జపాన్‌లో 1993 తరువాత టూరింగ్ కార్ పోటీలు టర్బో లేని రెండు లీటర్ల కార్లకు మారాయి. గ్రూప్-ఎ టూరింగ్ పందేల కథ అక్కడితో ముగిసింది.

9. నియమం పోయాక:

ఆర్32 జీటీ-ఆర్ మొత్తం దాదాపు 44 వేలు తయారయింది. 1995లో ఆర్33, 1999లో ఆర్34 దాని స్థానంలోకి వచ్చాయి. అప్పటికి 1.7 గుణకం గాని, 4500 తరగతి గాని వాటికి వర్తించేవి కావు. ఇంజన్‌ను 2499 సీసీకి తగ్గించి కొనుగోలుదారుకు పన్ను మిగల్చవచ్చు. లేదా అదే పన్నుకు 2999 వరకు పెంచవచ్చు. నిస్మో సంస్థ ఆర్33 ఆధారంగా పరిమిత సంఖ్యలో చేసిన 400ఆర్ కారులో ఇదే ఇంజన్‌ను 2771 సీసీకి పెంచి, అది సాధ్యమేనని చూపించింది కూడా. అయినా మామూలు జీటీ-ఆర్‌లలో సిలిండర్ వ్యాసం 86 మిల్లీమీటర్లుగా, పిస్టన్ నడక 73.7 మిల్లీమీటర్లుగా అలాగే ఉండిపోయాయి. 2002 ఆగస్టులో, కొత్త ఉద్గార నియమాల కారణంగా తయారీ నిలిచిపోయిన చివరి ఆర్34 జీటీ-ఆర్ ఇంజన్ కూడా 2568 సీసీలదే.